నాయిన బువ్వ

సంపాదించే మగవాడికి ఇంట్లో జరిగే మర్యాదను చూస్తే నాకు పుట్టే రోత ఇంకే సంగతిలోనూ పుట్టదు. నేనూ సంపాదించే మగవాణ్ణే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. దఫ్తర్‌లో చాయ్ తాగేటప్పుడు నా తోటి గుమాస్తాలు తమ అన్నంలో ఎంత నెయ్యి పడుతుందో, కూరలో మంచి ముక్కలు ఎవరి పళ్ళెంలోకి వస్తాయో గొప్పగా చెప్పుకునేవారు. మరి మీ పిల్లలేం తింటారని అడిగితే నా మొహంలోకి వింతగా చూసేవారు. పిల్లలదేముంది, ఏదో ఒకటి తింటారు, పెరుగుతారు అని వాళ్ళ ధీమా. ఆ ధీమా చూసి నేను చాయ్ సగంలోనే వదిలేసేవాణ్ణి. అయినా గట్టిగా ఏమీ అనలేకపోయేవాణ్ణి. మా ఇంట్లోనూ జరిగేది అదే.

మాది ఆత్మకూరు వైపు నేత కుటుంబం. మగ్గం గుంటలో దిగకుండా నాలుగు ఉర్దూ అక్షరాలు నేర్చుకుని నల్గొండలో గుమాస్తా నౌకరీ చేస్తున్నాను. కిరాయి ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ, ఆరేళ్ళ కూతురు ఉండేవాళ్ళం. సాగర్ కాలువలు ఇంకా పారని కాలమది. మా బోటి ఇళ్ళలో వరి అన్నం పండగకో చుట్టానికో తప్ప దొరకదు. రోజూ జొన్నరవ్వ ఉడికించిన గట్కే. కానీ మా అమ్మ ప్రతి పొద్దునా ఒక చిన్న మట్టి గురిగిలో నాకొక్కడికే సన్నబియ్యం అన్నం వండేది. నేను తిని చెయ్యి కడిగేదాకా మిగతా ముగ్గురూ గట్క ముట్టేవారు కాదు. పిల్ల గోడకానుకుని కూర్చుని నా చెయ్యి పళ్ళెంలోంచి నోటికి పోవడం చూస్తూ ఉండేది. ఒక ముద్ద ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి వాకిట్లోకి పరుగెత్తేది. దానికి అన్నం ఇష్టం లేదేమో అనుకున్నాను.

అందరికీ ఒకటే వండమని అమ్మతో ఎన్నోసార్లు పోట్లాడాను. జీతం తెచ్చి ఆమె చేతిలోనే పోసేవాణ్ణి, బియ్యం మూట ఆమె మంచం కిందే ఉండేది.

"కుర్చీల కూసోని రాసెటోడివి. గట్క తిని పోతె నిద్రొస్తది. మేమేమన్న రాస్తున్నమా?" అని నా నోరు మూయించేది.

వచ్చిన చుట్టాలు కూడా ఆ గురిగిని చూసి, తల్లంటె గిట్లుండాలె అని పొగిడి పోయేవాళ్ళు. గోడ దగ్గరున్న పిల్ల వైపు ఒక్కరైనా చూసిన పాపాన పోలేదు. వాళ్ళు వెళ్ళాక వాకిట్లో వాళ్ళు ఉమ్మిన తమలపాకు మరకలు కడిగేది మళ్ళీ నా భార్యే.

ఆ వానాకాలం పిల్లకు విషజ్వరం తగిలింది. జ్వరమైతే దిగింది కానీ మనిషి సగమైపోయింది. ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ సాబ్ కడుపు నొక్కి చూసి, "పేగులు ఇంక పచ్చిగనే ఉన్నయ్. జొన్నది ఏదీ ముట్టనియ్యొద్దు. మెత్తటి అన్నం పాలల్ల పిసికి పెట్టుండ్రి. తింటెనే నిలవడ్తది" అన్నాడు.

నా గురిగి అన్నం మెత్తగా పిసికి, పాలు కలిపి నా భార్య పెట్టబోతే పిల్ల పళ్ళు బిగబట్టింది. మేమిద్దరం బతిమాలాం, బెదిరించాం; అమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. ఉత్త పాలు రెండు గుక్కలు తాగేది, అన్నం మెతుకు నాలుకకు తగిలితే ఉమ్మేసేది. రోజు రోజుకూ చేతులు పుల్లలైపోతున్నాయి. లేచి కూర్చునే సత్తువ కూడా పోయింది.

ఒక పొద్దున దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని అడిగాను. "ఎందుకు తింటలేవు బిడ్డా? చేదున్నదా?"

"చేదు లేదు. అది నాయిన బువ్వ. నేను తింటె నీ నౌకరి పోతది."

"ఎవరు చెప్పిండ్రు?"

"అవ్వ."

నా ఒళ్ళంతా చీదరెత్తింది. పిల్లను పడుకోబెట్టి పొయ్యి దగ్గరున్న అమ్మ మీదికి పోయాను. పిల్ల అన్నం అడగకుండా ఉండేందుకు ఊరికే బెదిరించానని అంటుందనుకున్నాను. ఆమె అలా అనలేదు.

"గది నిజమే గద కొడుకా" అంది. "మగ్గం మీద కూసునెటోని బువ్వ ఇంకొకలు ముడితె పోగులు తెగుతయని మా అత్త చెప్పింది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఆకలికి ఆగలేక మీ నాయిన గురిగిలకెల్లి ఒక్క ముద్ద తిన్న. గా పొద్దే పడుగంత తెగిపాయె."

గంజి సరిగా పట్టకపోతే మగ్గం మీది నిలువు దారాల పడుగు తెగుతుంది. ఎండ ఎక్కువైనా తెగుతుంది. నేతలో పుట్టి నేతలో ముసలిదైన మనిషి, ఇది నాకంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ఆకలితో తిన్న ఒక్క ముద్దకు మాత్రం ఆమె ఇన్నేళ్ళు తనను తాను క్షమించుకోలేదు. మగ్గం పోయి కుర్చీ వచ్చినా నియమం అలాగే మిగిలింది. పైగా దఫ్తర్లలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వస్తున్న రోజులవి. ఉర్దూ తప్ప రానివాళ్ళను ఇంటికి పంపిస్తారట అని నేనే భోజనం దగ్గర దిగులుపడేవాణ్ణి. ఆ దిగులంతా గురిగిలో చేరింది. నాకు అమ్మ మీద కంటే, కడుపుతో ఉన్న మనిషిని మాడ్చి దానికి పోగుల పేరు పెట్టిన మా తాతల మీద ఎక్కువ అసహ్యం వేసింది.

అవ్వ చెప్పింది అబద్ధమని పిల్లతో అన్నాను. అది అవ్వ మొహం చూసింది. అవ్వ మొహంలో అబద్ధం లేదు. వేరే కుండలో వండినా ఆ మూట బియ్యం దానికి నాయిన బువ్వే. ఇక మాటలతో లాభం లేదని అర్థమైంది.

"అమ్మా, పిల్ల ముంగట నువ్వు తిను. నా గురిగిలదే."

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నాతోని కాదయ్యా. నీ నౌకరి పోతె గీ పిల్లను ఎట్ల సాదుతం?"

పెళ్ళైన నాటి నుంచి అత్తకు ఎదురు చెప్పని నా భార్య గురిగి తెచ్చి ఆమె ముందు పెట్టింది. "నౌకరి పోతె నేను కూలికి పోత అత్తా. పిల్ల పోతె ఏం జేస్త?"

అమ్మ గురిగి ముందు కూలబడింది. చివరికి కళ్ళు మూసుకుని ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నీళ్ళు తాగితే గాని అది దిగలేదు. పిల్ల అంతా చూసింది. అయినా నోరు తెరవలేదు.

"నువ్వు పొయ్యి రా నాయినా. నౌకరి ఉంటె తింట" అంది.

చొక్కా తొడుక్కుని పోయాను. ఆ పూట కూడా దఫ్తర్‌లో నెయ్యి ముచ్చట్లే. మధ్యాహ్నం పెద్దసారు పిలుస్తున్నాడని చప్రాసీ వచ్చి చెప్పేసరికి నా గుండె ఝల్లుమంది. అడిగింది ఏదో పాత కాగితమే. కానీ ఆ ఝల్లుమనడం నాకు నచ్చలేదు. అమ్మకు పట్టిన పిచ్చి నాకూ ఎక్కడో అంటుకునే ఉందని నా మీద నాకే రోత పుట్టింది. పర్మిషన్ అడిగి పెందలాడే ఇంటికొచ్చేశాను.

అమ్మ గడపలో కూర్చుని ఉంది. ఆ ముద్ద తర్వాత ఇంకేమీ తినలేదట.

"ఉన్నదా?" అంది.

"ఉన్నది."

ఆమె ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. లోపల నుంచి పిల్ల గొంతు వచ్చింది. "అమ్మా, అవ్వ తిన్నా నాయిన నౌకరి పోలే. బువ్వ పెట్టు."

నా భార్య గురిగిలోని అన్నం పాలతో పిసికి ముద్ద ముద్దగా పెట్టింది. పిల్ల మెల్లగా నములుతూ తింది. కొన్ని ముద్దలు తిన్నాక అది పళ్ళెంలో చెయ్యి పెట్టి తానే ఒక చిన్న ముద్ద తీసి తల్లి నోటి దగ్గరికి తెచ్చింది.

"నువ్వు గూడ తినమ్మా. ఏం గాదు."

పెళ్ళై మా ఇంటికి వచ్చాక నా భార్య ఆ గురిగి అన్నం రుచి చూడటం అదే మొదటిసారి.