అరిగినదానికి కట్టు లేదు

మొన్న శుక్రవారం తెల్లవారి వాకిలి కడిగి ముగ్గు పెట్టి, లోపలికి వచ్చి కాఫీ తాగి మళ్ళీ బయటికి పోయేసరికి నా ముగ్గు నడిమధ్యన నల్లటి నూనె చుక్కలు పడి ఉన్నాయి. కూరగాయలు అమ్మే చిన్న వ్యాను అప్పుడే కదిలి వెళ్ళిపోతోంది. తిరుపతిలో ఇప్పుడు నేనుంటున్న వీధి ఇరుకు, బండి నిలపాలంటే ఎవరో ఒకరి ముగ్గు తొక్కక తప్పదు, అయినా ఒళ్ళు మండిపోయింది, నాలుగు మాటలు అందామని నోరు కూడా తెరిచాను. కానీ తిట్టడం మానేసి అక్కడే కూర్చుని, ఆ చుక్కను వేలికి అద్దుకుని, రెండు వేళ్ళ మధ్య రాసి చూశాను. డీజిల్ కాదు, ఇంజన్ నూనె. పడిన చోటు బండి ముక్కు కింద. ముందు సీలు పోయింది పాపం, అనుకున్నాను. ముగ్గులో ఏం పోగొట్టుకున్నావు అత్తా అని ఎదురింటి కోడలు నవ్వింది. ఏం చెప్పను? నా కాపురంలో సగం ఆ చుక్క చుట్టూనే తిరిగిందంటే ఆ పిల్ల నమ్ముతుందా! మీరైతే నమ్ముతారు, మన ఈడు వాళ్ళకు బండి అంటే ఇంట్లో ఒక మనిషి కదా.

నన్ను పుత్తూరులో ఇచ్చారు. మా ఆయనకు అప్పటికే ఒక పాత డీజిల్ వ్యాను ఉండేది. అంతకు ముందు ఆయన ఒక లారీ యజమాని దగ్గర డ్రైవరు. టైరు పేలినా డ్రైవరుదే తప్పు, వానకు సరుకు తడిసినా డ్రైవరుదే తప్పు. ఆ యజమాని నడిరోడ్డు మీద నలుగురి ఎదుట అనరాని మాటలు అంటూ ఉంటే తల వంచుకుని నిలబడిన మనిషి ఆయన. అందుకే ఎట్లాగో ఆ వ్యాను సంపాదించుకున్న రోజున, ఇక చచ్చినా ఇంకొకరి బండి స్టీరింగు పట్టనని మా అత్త చేతిలో చెయ్యి వేసి చెప్పారట. ఆ మాట నిలబడాలంటే ఆ వ్యాను నడవాలి, అది నిలిచిపోయిన రోజున ఆయన మళ్ళీ ఎవరో ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఈ సంగతి కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు అర్థమైపోయింది. మామూలు రోజుల్లో వడమాలపేట చుట్టుపక్కల పండిన కూరగాయలు తిరుపతికి, ముహూర్తాలప్పుడు పెళ్ళివాళ్ళను వాళ్ళు పొమ్మన్న చోటికి, మామిడికాయల కాలంలో తోతాపురి కాయలు చిత్తూరు దిక్కు గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు, ఇట్లా ఏడాది పొడుగునా దానికి చేతినిండా పనే.

నూనె కారడం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట దాన్ని చెమట అన్నారు. అంత బరువు లాగే ఇంజనుకు చెమట పట్టదా అని నన్నే ఎదురు అడిగారు. ఆ చెమట చుక్కలయ్యాక నా పాత అల్యూమినియం తపేలా ఒకటి వ్యాను కిందికి పోయింది. రాత్రి పట్టిన నూనెను పొద్దున నా నూలు చీర ముక్కలో వడగట్టి మళ్ళీ ఇంజనులోనే పోసేవారు. వంటింట్లో ఉండాల్సిన గిన్నె అక్కడ, పెట్టెలో ఉండాల్సిన చీర అక్కడ, ఇక నేనూ పోయి ఆ బండి కిందే కాపురం పెడతానని సణిగేదాన్ని. ఆయన నవ్వేవారే కానీ, లేచీ లేవగానే మొహమైనా కడుక్కోకుండా వంగి తపేలా చూసుకోవడం మానలేదు. నూనె ఎక్కువ పడిన రోజున అన్నం తక్కువ తినేవారు.

ఇంజను ముందు వైపు ఫ్యాన్ బెల్టును తిప్పే పుల్లీ ఒకటి ఉంటుంది. దాని మెడను చేతి గాజులాంటి రబ్బరు సీలు ఒకటి చుట్టూ పట్టుకుని, లోపలి నూనె బయటికి రాకుండా ఆపుతుంది. ఇదంతా నాకు చెప్పింది మా అన్న. తిరుపతి దారిలో వాడికి ఒక మెకానిక్ షెడ్డు ఉండేది, మా వ్యానుకు ఏమొచ్చినా అక్కడికే. రేడియేటరు దించి, బెల్టు తీసి, పుల్లీ లాగి, పాత సీలు పెరికి కొత్తది మెల్లగా కొట్టి కూర్చోబెట్టడమంటే ఒక పగలంతా పని. అంత పనీ చేసి పంపితే కొన్నాళ్ళు బాగుండేది, తర్వాత మళ్ళీ నా తపేలా నల్లబడేది.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. చెయ్యి విరిగినా కాలు విరిగినా ఎక్కడెక్కడి జనమో పుత్తూరుకు వచ్చి కట్టు కట్టించుకుని పోతారని మీకు తెలియనిది కాదు. మా ఆయన పెదనాన్న, అంటే నాకు పెదమామ, ఆ కట్టు పనిలోనే తల నెరిసిన మనిషి. ఆ ఆకు పసరు వాసనలో పుట్టి పెరిగిన మా ఆయనకు, గట్టిగా కట్టి కదలకుండా పెడితే అతకనిది లోకంలో లేదని నమ్మకం. ఆ నమ్మకం బండి దాకా పోయింది. కొత్త సీలు వేయించిన ప్రతిసారీ, కట్టు ఆరాలి అంటూ వ్యానును ఒకరోజంతా కదిలించకుండా నీడన నిలిపేవారు. సీలుకు ఆరడమేమిటి, అది నూనెలో తిరగడానికే పుట్టింది అని మా అన్న తల కొట్టుకునేవాడు. నేనైతే, పథ్యం కూడా పెడదామా, ఈ వారం బండికి వంకాయ మానిపిస్తాను అని ఆటపట్టించేదాన్ని. నవ్వుకునే రోజులవి. ఇంకా ఏదో ఒకటి చేయొచ్చులే అనే ధైర్యం ఉన్నప్పుడు ఎంత కష్టానికైనా నవ్వు వస్తుంది.

ఒకసారి మా అన్న ఆయనను షెడ్డుకు పిలిపించాడు. నేనూ వెంట పోయాను. విప్పిన పుల్లీని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు.

"తప్పు సీలుది కాదబ్బా. ఇన్నేండ్లు సీలు రాసుకోని రాసుకోని పుల్లీ మెడే అరిగిపోయుండాది. గోరు పెట్టి సూడు, గాడి తగులుతాది. కొత్త సీలు ఎన్ని ఏసినా ఆ గాడిలో నుంచి నూనె వస్తానే ఉంటాది."

ఆయన గోరు పెట్టి చూశారు. నాకూ ఇచ్చారు, నేనూ చూశాను. వెంట్రుకంత గాడి. ఇంతదానికా మా ఇల్లంతా తలకిందులవుతోంది అనిపించింది. మెత్తటి రబ్బరు ఇనుమును కోసేసిందంటే మొదట నాకు నమ్మకం కుదరలేదు, కానీ కళ్ళెదుటే ఉంది కదా. సీలును ఆ గాడి మీద కాకుండా కాస్త ముందుకు జరిపి, అరగని చోట పట్టేట్టు కూర్చోబెట్టి చూశాడు మా అన్న. అదీ ఎక్కువ కాలం ఆగలేదు. కొత్త పుల్లీ వేద్దామంటే ఆ మాదిరి ఇంజను చేయడం కంపెనీవాళ్ళు ఎప్పుడో ఆపేశారు. చిత్తూరులో పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగాం, మద్రాసుకు మనిషిని పంపాం. తెచ్చిన పాత పుల్లీకి మా దానికంటే లోతు గాడి.

అప్పుడు ఆయన చేసిన పని తలుచుకుంటే ఈనాటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ పుల్లీని తువ్వాలులో చుట్టుకుని తిన్నగా పెదమామ దగ్గరికి తీసుకుపోయారు. వేళాకోళానికే పోతున్నానని వెంట వచ్చిన నాతో అన్నారు కానీ, వేళాకోళానికి పోయే మనిషి మొహం అట్లా ఉండదు. అరుగు మీద కట్లు కట్టించుకున్న వాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. పెదమామ ఆ ఇనుప ముక్కను పసిబిడ్డ మోచేతిని పట్టుకున్నంత పదిలంగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో చుట్టూ తడిమి చూశారు. అక్కడున్న వాళ్ళెవరూ నవ్వలేదు.

"ఇది ఇరిగింది కాదురా, అరిగింది. ఇరిగిందాన్ని కుదురుగా కూడేసి కడితే ఎముక దానంతట అదే పూడ్సుకుంటాది. ఆడ ఉండాల్సింది ఆడనే ఉంటాది కాబట్టి. అరిగిపోయింది యాడికి పోయిందో ఎవురికి తెలుసు? యాడ్నుంచి తెచ్చి పూడ్సేది? దీనికి కట్టు లేదు నాయనా."

ఆయన పుల్లీని మళ్ళీ తువ్వాలులో చుట్టుకుని ఇంటిదారి పట్టారు. విరగడం, అరగడం, రెండూ పాడవడమే కదా అనుకుంటూ బతికాం అన్నాళ్ళూ. ఆ రెంటికీ మధ్య ఇంత దూరం ఉందని ఆ రోజే తెలిసింది.

అయినా ఊరుకున్నారా? కట్టు లేకపోతే పూత వేయిస్తానన్నారు. తిరుపతిలో లేతు మిషను మీద ఇనుము చెక్కే పనివాడొకడు వెల్డింగుతో ఆ గాడిని నింపి, మళ్ళీ నున్నగా చెక్కి ఇచ్చాడు. అద్దంలా మెరిసిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నా తపేలాలో చుక్క పడలేదు. నేను దాన్ని తోమి బోర్లించి, మళ్ళీ వంటకు వాడొచ్చా అని కూడా ఆలోచించాను. ఆయన భుజాలు వెడల్పయ్యాయి, పెదమామ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు కావాలనే హారన్ కొట్టేవారు. నేనూ నమ్మాను. నమ్మినందుకు నన్ను నేను తిట్టుకోను, నమ్మకుండా ఆయన పక్కన ఎట్లా బతకగలను?

ఆ ఏటి మామిడికాయల కాలంలోనే అయిపోయింది. నిండా తోతాపురి కాయలతో చిత్తూరు దారిలో ఎండ మండిపోయే వేళ పోతూ ఉంటే మళ్ళీ నూనె చిమ్మడం మొదలైంది. చిమ్మిన నూనె బెల్టు మీద పడింది, బెల్టు జారింది, ఫ్యాను నిలిచింది, ఇంజను కాగిపోయి ఇక తిరగకుండా పట్టేసింది. కాయల మీద గోతాలు కప్పి, వేరే బండి దొరికేదాకా ఆయన ఆ రోడ్డు పక్కనే నిలబడి ఉన్నారట. వ్యానును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మా అన్న ఇంజనంతా విప్పి, పుల్లీ కూర్చునే క్రాంకు షాఫ్టు కొసను పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూశాడు. అది ఊడబోయే పన్నులా కదిలింది. లోపలి బేరింగులు అరిగి షాఫ్టే ఊగుతూ ఉంటే, పుల్లీకి బంగారు పూత వేసినా ఏ సీలూ నిలవదు. షాఫ్టును సాన పట్టించి లావు బేరింగులు వేద్దామంటే, మాకంటే ముందు ఆ వ్యానును వాడినవాడు ఆ పని చేయించేసి ఉన్నాడు, ఇక చెక్కడానికి అందులో ఇనుము మిగల్లేదు. మా అన్న చేతులు తుడుచుకున్నాడు. ఇంక నా సేత కాదబ్బా, అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో తోడబుట్టినదాన్ని, నాకు తెలుసు.

వ్యాను పాత ఇనుము కింద తూకానికి పోయింది. కొన్నాళ్ళు ఆయన ఇంట్లోనే కూర్చున్నారు, తర్వాత ఎవరికీ చెప్పకుండా పోయి ఏర్పేడు దిక్కున ఒక కాలేజీ బస్సుకు డ్రైవరుగా చేరి వచ్చారు. మా అత్త అప్పటికి పోయింది. ఆవిడ చూడలేదు కదా అని ఊరట పడ్డాను, ఆయన మాత్రం పడలేదు. వాళ్ళు మర్యాదస్తులే, ఎవరూ ఒక మాట అన్నవాళ్ళు కాదు. ఇస్త్రీ చేసిన యూనిఫారం ఇచ్చారు. ఆ చొక్కాలు ఉతకడానికి కష్టమే లేదు, సబ్బు రాసి నీళ్ళలో జాడిస్తే చాలు. అన్నేళ్ళు నూనె మరకలతో పోట్లాడి చేతులు కాయలు కాచినదాన్ని, ఆ తెల్లటి చొక్కాను నీళ్ళలో ముంచి బావురుమని ఏడ్చాను.

వ్యాను ఉన్నన్నాళ్ళూ, ఎంత నూనె కక్కినా ఆయనకు అది మన బండి. మన బండి వచ్చేస్తాది, మన బండికి ఎక్కువ బరువు ఎత్తొద్దు, ఇదే మాట. బస్సు ఎట్లుందని ఎవరైనా అడిగితే మాత్రం, బాగుండాది వాళ్ళ బండి, అనేవారు. ఒకసారి ఆ బస్సు ఇంజనులో ఏదో శబ్దం వస్తోందని పక్కింటాయన అంటే, ఆఫీసులో చెప్పాల, అని ఊరుకున్నారు. నేను ఉండబట్టలేక, నువ్వైనా ఒకసారి వంగి చూడొచ్చు కదా అన్నాను.

"అది వాళ్ళ బండి మే," అన్నారు.

ఇప్పుడు కాలం మంచిదే, కాదనను. మా అల్లుడు కారు కొన్న రోజే, దానికి వేసిన పూలదండ వాడిపోకముందే, మన బండి అన్నాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే దాన్ని ఇచ్చేసి ఇంకొకటి తెచ్చి, దాన్నీ మన బండి అన్నాడు. ఒక చుక్క కారితే చాలు, విప్పడం ఎందుకండీ మార్చేయండి అంటున్నారు షోరూములో, మారుస్తున్నారు, ఎవరి అన్నమూ తగ్గడం లేదు. అట్లా ఉండటమే సుఖమేమో. నేను మాత్రం మా ఆయన పోయేనాటిదాకా ఎదురుచూశాను, మరిచిపోయి అయినా ఒక్కసారి, దేన్నో ఒకదాన్ని మన బండి అంటారేమోనని. అనలేదు.