మంచిరోజుల్లో నేర్చుకున్న రఫ్ఫు

ఈ ఉదయం నా దుకాణంలో తడి ఖాకీ మీద ఇస్త్రీపెట్టె ఆనగానే ఆవిరి వాసన లేచింది. దానితోపాటు నా పాత కోపమూ లేచింది. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కార్మికులకు బట్టలు కుట్టే సుశీలక్క దుకాణం నిండా అదే వాసన. నేను పనిచేసిన రోజుల్లో అక్కడ కౌంటర్ మీద బేరాలు నావి. షావుకార్ల మధ్య పెరిగాను మరి. జ్వరమొస్తే డాక్టరును కూడా ‘రెండు సూదులకు ఒకటి ఉచితమా’ అని అడిగే రకాన్ని.

గిరాకీ పొంగుతున్న రోజుల్లోనే అక్క రోడ్డు మీది అద్దాల షోరూం ఖాళీ చేసి, కిరాయి తక్కువని వెనక గల్లీలోకి మారింది. పైగా అందరితో రోజూ గంటసేపు రఫ్ఫు చేయించేది, చిరుగు కనబడకుండా దారంతో నేసే పని.

“కొత్తయి కుట్టనీకే తీరుతలేదు, చింపిరి గుడ్డలెందుకక్కా?” అన్నాను.

“ఫ్యాక్టరీల ఓటీలు బందయిననాడు కొత్తయి ఎవడు కుట్టిపిచ్చుకుంటడ్రా? పాతయే పట్టుకొస్తరు. గప్పుడు నేర్సుకుంటవా? నువ్వు గూడ సూది పట్టు.”

నా పనితనం చూసి పెద్ద దర్జీ మొగులయ్య తాత, “గిది రఫ్ఫు గాదు, ఆపరేషన్ కుట్లు” అన్నాడు.

కొన్నాళ్లకు ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గాయి. బజారులోని దుకాణాలన్నీ ఒకే వారంలో పనివాళ్లను పంపించేశాయి. ముందుజాగ్రత్తట! పండుగ గిరాకీకి నడుములు విరిగేలా కుట్టించుకున్నవాళ్లే, గాలి తిరగగానే ఆ నడుములను ఖర్చు కింద చూశారు. ఒక్క షావుకారూ తన కారు మానలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అదే సలహా ఇచ్చాను.

“మొగులయ్య తాతకు చూపు ఆనుతలేదక్కా. గాయన్ని బంద్ జేస్తే మిగిలినోళ్లం బతుకుతం.”

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “షోరూం ఎందుకు ఇడిసిననుకున్నవ్? మనుషులను ఇడువొద్దనే. తీసుడే అయితే నీ కాన్నుంచే మొదలువెడత. గిరాకే లేనప్పుడు బేరగాడు నాకెందుకు?”

లోపల కుట్టుమిషను ఆగింది. తాత అంతా విన్నాడు.

“పిల్లగాన్ని తీయకు బిడ్డా,” అన్నాడు. “మొన్ననే లగ్గమైంది. ఆని కుట్టు గూడ గిప్పుడిప్పుడే సక్కగైతున్నది.”

అక్క ఎవరినీ తీయలేదు. చిరిగిన యూనిఫారాలు మూటలుగా వచ్చాయి. తాత చిరుగును వేలితో తడిమి చెప్పేవాడు, నేను సూది నడిపేవాణ్ణి.

ఇప్పుడు నా దుకాణానికీ షావుకార్లు సలహాలతో వస్తున్నారు. మాంద్యమట, నా పనివాళ్లలో ఇద్దరిని తగ్గించుకోవాలట. ఎవరిని అని అడుగుతాను. దగ్గరికి జరిగి చెవిలో చెప్పబోతారు. గట్టిగా, లోపల మిషన్ల దగ్గరికి వినబడేలా చెప్పమంటాను. ఇంతవరకూ అందరూ చెప్పులు తొడుక్కుని మెట్లు దిగినవాళ్లే.