పంది వెనక ఆకాశం

ఈ పొద్దున్న మా ఫ్లాట్ల కింద మళ్లీ అదే తమాషా. మా ఆయన లారీ ఎక్కాడు, ఇంజను వేశాడు, ఇంకేముంది గోస్తాన్ చెయ్యడమే అనుకునేలోపు మళ్లీ కిందికి దిగాడు. గోస్తాన్ అంటే బండి వెనక్కి తియ్యడం. ఈ దేశంలో ఏ భాష మాట్లాడేవాళ్లైనా ఆ మాటే అంటారు. దిగి, లారీ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, అక్కడున్న ఖాళీ సిమెంటు నేలని తీరిగ్గా చూసి, మళ్లీ వచ్చి ఎక్కాడు. లారీకి ఇటో అద్దం, అటో అద్దం ఉన్నాయి. వెనక కెమెరా కూడా ఉంది. అయినా దిగుతాడు. పై అంతస్తులో బట్టలారేస్తున్న ఆంటీ మా వాళ్లే, సుంగై సిపుట్ వైపు నుంచి వచ్చినావిడే. "ఏటే, మీ ఆయన రోజూ లారీకి దణ్ణం ఎట్టుకుంటాడేటి?" అని నవ్వింది. "లారీకి కాదాంటీ, మా మావయ్యకి" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. చెబుదామంటే నా పొయ్యి మీద కూర అడుగంటేలా ఉంది. కానీ కూర కలుపుతున్నంతసేపూ, పోర్ట్ క్లాంగ్ రేవులో ఓడలు కూస్తుంటే, ఆ ఉప్పుగాలిలోకి ఎక్కడి నుంచో మా కొండ మంచు వచ్చి కూర్చుంది.

మా మావయ్య అంటే అమ్మ తమ్ముడు. నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆయనే. సుంగై సిపుట్ దగ్గర ఒకప్పుడు రబ్బరు ఎస్టేటు, ఇప్పుడు పామాయిలు తోట. ఆ తోటని ఆనుకుని అడవి, అడవి వెనక కొండ. అక్కడి నుంచి అడవిపందులు దిగి లేత పామాయిలు మొక్కల మొవ్వు తినేస్తాయి. అందుకని మావయ్య దగ్గర ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. తుపాకీకి పోలీసుల లైసెన్సు, పందికి అడవి ఆఫీసు లైసెన్సు, రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో బైబిలంత భద్రంగా పెట్టుకునేవాడు. జింకకి మాత్రం ఏ లైసెన్సూ లేదు, దాన్ని ముట్టుకుంటే జైలే. మనిషి సన్నగా, వెదురుపుల్లలా ఉంటాడు. మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లో సగం ఒకే ప్రశ్న: "ఎనకేటుంది?"

అది వేట ప్రశ్న. పంది కనబడగానే తుపాకీ లేపడు. ముందు ఆ ప్రశ్న అడుగుతాడు. పందిని మొయ్యడానికి వెంట వెదురు గెడ పట్టుకొచ్చినవాడు జవాబు చెప్పాలి. "మన్ను" అంటేనే, అంటే పంది వెనకాల గట్టో మిట్టో, గుండుని మింగేసే మట్టేదో ఉంటేనే తుపాకీ లేస్తుంది. ఆకులన్నా, పొద అన్నా లేవదు. పొద వెనక ఇంకేముందో ఎవరికి తెలుసు? నీళ్లన్నా, రాయన్నా కూడా లేవదు. గుండు వాటి మీద తుళ్లి ఎటు పోతుందో దానికే తెలీదట. ఈ ప్రశ్న అడవిలో ఆగితే బాగుండును, ఇంట్లోకీ వచ్చేసింది. మా అమ్మ గంజి పారబొయ్యడానికి వెనక తలుపు తీస్తే చాలు, మంచం మీద నుంచే "ఎనకేటుంది?" అనేవాడు. నేను దబాల్న కుర్చీలో కూలబడినా అదే మాట. ఒకసారి అమ్మకి ఒళ్లు మండి, "నా ఎనక నీ తలకాయుంది!" అని గంజి ఆయన చెప్పుల మీద పోసింది. ఆయన చెప్పులు దులుపుకుని, "సూసి పోసినావు గదా, అదే సాలు" అన్నాడు.

నాకు సంబంధం కుదిరింది బంటింగ్ ఊరి వాళ్లతో. మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మేనకోడలి నిశ్చితార్థానికి అడవి కూర, అంటే వేటమాంసం, మేనమామ తేవాలి. పెళ్లికొడుకు వాళ్లు వెంట వెళ్లి, దాన్ని గెడకి కట్టి, ఎస్టేటు కూలీల ఇళ్ల వరసల, అదే లైన్ల మధ్య నుంచి అందరూ చూస్తుండగా మోసుకురావాలి. కూర కంటే ఆ ఊరేగింపే ముఖ్యం. పిల్ల తరఫున మగదిక్కు ఉందని ఊరికి చెప్పడం అన్నమాట. తండ్రి లేని పిల్లని కదా, అందుకని అమ్మకి ఆ గెడ మీదే ప్రాణం. వారం ముందు నుంచీ మసాలాలు నూరుతూనే ఉంది. మా చిన్న చర్చిలో పాస్టరుగారు సైతం ప్రార్థనలో, "ప్రభువా, మా సోదరుడి గురి తప్పనివ్వకు" అని కలిపేశారు. ఆయనకీ ఆ కూరంటే ఇష్టంలెండి.

పెళ్లికొడుకూ, వాళ్ల నాన్నా ముందు రోజే వచ్చేశారు. మా ఆయన అప్పటికి నాకు ఇంకా ఒక ఫోటో, నాలుగు మెసేజీలు, అంతే. వాళ్ల నాన్న పెద్ద గొంతు మనిషి. నవ్వితే రేకు కప్పు మోగేది. తెల్లారి అడవికి బయల్దేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను. "పెళ్లికూతురివి, అడివికేటే!" అని అమ్మ అరిచింది. "నాకోసం పందంటే, నాను సూడొద్దేటి?" అన్నాను. మావయ్య అడ్డు చెప్పలేదు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ ఆయన వెనకాలే ఆ దారులన్నీ తిరిగాను మరి.

ఆ పొద్దు ఎంత మెత్తగా ఉండేదో ఎలా చెప్పను. పామాయిలు చెట్ల కింద మంచు మోకాళ్ల దాకా ఉంది. నడుస్తుంటే పాలల్లో కాళ్లు పెట్టినట్టు. తడి మట్టి వాసన, కుళ్లిన పళ్ల తియ్య వాసన, ఎక్కడో గిబ్బన్ కోతులు చర్చిలో ఆడవాళ్లు రాగం అందుకున్నట్టు కూస్తున్నాయి. మావయ్య తుపాకీని మధ్యలో కీలు దగ్గర విరిచి, ఖాళీ గొట్టం నేలకేసి, చేతి మీద వేలాడేసుకుని ముందు నడిచాడు. తూటా జేబులో. కాలవ దాటేటప్పుడు పెళ్లికొడుకు నాన్న, ఆ పెద్దాయన, సాయానికన్నట్టు చెయ్యి చాపాడు. "అన్నా, ఒకసారి నా సేతికియ్యి లా, బరువెంతో సూస్తాను." మాట చివర లా తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

"లైసెన్సు నా ఒక్కడిదే తమ్ముడూ" అన్నాడు మావయ్య. "నీకు కావాలంటే టిఫిన్ క్యారియర్ మొయ్యి. దానికి లైసెన్సక్కర్నేదు."

చోటు మావయ్యే ఎంచాడు. ఎదురుగా నిలువెత్తు ఎర్రమట్టి గట్టు, దాని అడుగున పందులు తోటలో మేసి కొండకి తిరిగెళ్లే బాట. గట్టు కొసన ఎడం పక్కకి ఒక బోడి దిబ్బ. దిబ్బకి అవతల పాత దారి. లైన్ల వాళ్లు మోటారు సైకిళ్ల మీద ఊళ్లోకి వెళ్లేదీ, ఆడవాళ్లు అడవిలో ఆకుకూర కోసుకొచ్చేదీ ఆ దారినే. ముగ్గురినీ తన వెనకాల ఒక దుంగ మీద కూర్చోబెట్టాడు. "నాను సెప్పేదాకా ఎవులూ లేవకూడదు" అని, పెళ్లికొడుకు వైపు తిరిగి, "గెడ నీది. నాను అడిగితే నువ్వే సెప్పాల. ఉన్నది సెప్పు, నాకు నచ్చేది కాదు" అన్నాడు. తూటా వేసి తుపాకీ మూశాడు. వేలు మాత్రం ట్రిగ్గర్ జోలికి పోలేదు. గొట్టం పక్కనే చాచి ఉంది, బడిలో దేన్నో చూపిస్తున్న పిల్లాడి వేలులా.

ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. మంచు వస్తోంది, పోతోంది. నాకు నిద్రా మెలకువా కాని ఒక మత్తు. అప్పుడు పెద్దాయన నా మోచెయ్యి పొడిచాడు. పంది కింద బాటన రాలేదు. ఎడం పక్క దిబ్బ మీదికి ఎక్కి, అక్కడ నిలబడింది. అబ్బ, ఏం పంది! గోనెబస్తాకి కాళ్లొచ్చినట్టుంది. వెనక నుంచి వెలుగు పడి వీపు మీది వెంట్రుకలన్నీ బంగారం తీగల్లా మెరుస్తున్నాయి. అది మా అమ్మ మసాలా, పాస్టరుగారి ప్రార్థన, నా నిశ్చితార్థం, మా ఇంటి మగదిక్కు, అన్నీ కలిపి నాలుగు కాళ్ల మీద నిలబడినట్టు నిలబడింది.

"ఎనకేటుంది?" అన్నాడు మావయ్య. తుపాకీ లేపలేదు.

"ఏటుంటది అన్నా? ఏటీ నేదు లా! పేల్సీ, పేల్సీ!" పెద్దాయన గుసగుసే మామూలు మనిషి కేకంత ఉంది.

మావయ్య ఆయన్ని చూడలేదు. పంది నుంచి కళ్లు తిప్పకుండానే మళ్లీ అడిగాడు. "ఎనకేటుంది?"

నాకు జవాబు తెలుసు. నాలుక చివరే ఉంది. కానీ గెడ నాది కాదు. పెళ్లికొడుకు ఒకసారి వాళ్ల నాన్న ముఖం చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఆ చూపులో, నీ విందు నేను పాడు చేస్తున్నానా అన్న బెంగ ఉంది. తర్వాత దిబ్బ వైపు చూసి, చిన్న గొంతుతో, "ఆకాశం, అంకుల్" అన్నాడు.

మావయ్య భుజాలు కిందికి దిగాయి. ఊపిరి వదిలాడేమో. పంది మాకేసి చూసింది, ఏదో పరిచయం ఉన్నట్టు తల ఊపింది, దిబ్బ అవతలికి తీరిగ్గా దిగిపోయింది.

"ఒరే! నీకు మతి పోయిందేటి? నీ నిశ్చితార్థం కూర నడిసెల్లిపోతంది రా!" పెద్దాయన కొడుకు మీద విరుచుకుపడ్డాడు. లేచి దిబ్బ మీదికి పరిగెత్తబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తుపాకీ విరిచి, తూటా తీసి జేబులో వేసుకుని, "ఇప్పుడెల్లి సూడు తమ్ముడూ" అన్నాడు. పెద్దాయన రొప్పుకుంటూ ఎక్కి, అటూ ఇటూ చూసి, నడుం మీద చేతులేసుకుని అక్కడి నుంచే అరిచాడు. "ఎవులూ నేరు! దారంతా ఖాళీ! కుక్క కూడా నేదన్నా!"

"నేరని ఇప్పుడు తెలిసింది" అన్నాడు మావయ్య. "ఇందాక తెలీదు గదా."

పెద్దాయన దిగొచ్చి అలకతో కూర్చున్నాడు. మావయ్య మళ్లీ తూటా వేసి కాపు కాశాడు. ఇంకాసేపటికి జరిగింది చెబితే ఎవరూ నమ్మరు. కింద బాట మీదికి, సరిగ్గా ఎర్రగట్టు ముందుకి, ఒక జింక వచ్చి నిలబడింది. చిన్నది, మా వైపు అడవిలో కుక్కలా మొరిగే రకం. ఎర్రమట్టి ముందు ఎర్రటి ఒళ్లు, గట్టే ఊపిరి తీస్తున్నట్టుంది. వెనక మన్ను, మన్ను, అంతా మన్నే. ఏ తుపాకీకైనా అంతకంటే మంచి చోటు దొరకదు. "దేన్ని పేల్సొచ్చో దాని ఎనక ఆకాశం. దేని ఎనక మన్నో దాన్ని పేల్సితే జైలు. ఏటన్నా ఇది, దేవుడు మనతో ఆడుకుంటన్నాడేటి?" అని పెద్దాయన గొణిగాడు. మావయ్యకి నవ్వొచ్చింది. తుపాకీ విరిచి ఒళ్లో పెట్టుకున్నాడు. నలుగురం అలా దాన్ని చూస్తూ ఉండిపోయాం. అది చెవులు తిప్పుతూ, మంచులో నోరు పెట్టి ఏదో నములుతూ, తనని ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదన్నంత తీరుబడిగా నిలబడింది. ఎప్పుడు వెళ్లిపోయిందో నేను చూడలేదు. చూస్తూనే ఉన్నాను, అది లేదు.

ఇంటికి తిరిగి రావాలి. అదే కష్టం. లైన్ల వాళ్లంతా గుమ్మాల్లో ఉన్నారు, ఖాళీ గెడ చూడగానే మొదలెట్టారు. "ఏటి, పంది గెడ దిగి నడిసొస్తందేటి?" అని ఒకడు. "మేనమామ కళ్లజోడు మార్సాలి లా!" అని ఇంకొకడు. మావయ్య తల వంచుకుని నడుస్తున్నాడు. గుమ్మంలో అమ్మ, చేతికి పసుపు, ముఖంలో రక్తం లేదు. పెద్దాయన గెడ చివర వదిలేసి దూరంగా, ఈ మనుషులు నాకు తెలీదన్నట్టు నడుస్తున్నాడు. అప్పుడు మా ఆయన ఆగాడు. తండ్రి చేతిలోంచి టిఫిన్ క్యారియర్ తీసుకుని, గెడ నడిమధ్యన తాడుతో గట్టిగా ముడేసి కట్టాడు. పందిని ఎలా కడతారో అలాగే. గెడ ఒక చివర తన భుజం మీద పెట్టుకుని, "నాన్నా, ఆ సివర నువ్వు" అన్నాడు.

"ఏట్రా ఇది?"

"ఆ ఇంటికి ఖాళీ గెడ మొయ్యను నాన్నా. లే."

పెద్దాయన కొడుకునీ, గెడకి వేలాడుతున్న క్యారియర్నీ చూశాడు. ఆ తర్వాత ఆ పెద్ద గొంతు నవ్వు వచ్చింది, రేకు కప్పులన్నీ మోగాయి. "అలామక్, ఓరి నాయనో! ఈ పంది మరీ సన్నగా ఉందిరా!" అంటూ భుజం పట్టాడు. ఊగుతున్న క్యారియర్‌తో తండ్రీ కొడుకులు లైన్ల మధ్య నుంచి బరువు మోస్తున్నట్టే వంగి నడిచారు. నవ్వినవాళ్లు నవ్వుతూనే దారిచ్చారు. అమ్మ పసుపు చెయ్యితోనే కళ్లు తుడుచుకుని ముఖమంతా పచ్చగా చేసుకుంది. ఆ రోజు ఊళ్లో కోళ్లకి మూడింది. పాస్టరుగారు కోడికాలు కొరుకుతూ, "గురి తప్పలేదు గదమ్మా, పెట్టనే నేదు. ప్రార్థన ఫలించినట్టే" అన్నారు.

సాయంత్రం వాళ్లు బయల్దేరుతుంటే మా ఆయన వాళ్లొచ్చిన వ్యాను గోస్తాన్ చెయ్యబోయి, ఆగి, కిందికి దిగాడు. వెనక్కి వెళ్లి మా అరటిమొక్కల్నీ, పెరటి గట్టునీ చూశాడు. అరుగు మీద నుంచి మావయ్య కేకేశాడు. "ఎనకేటుంది?"

"మన్ను, అంకుల్!"

మావయ్య నా వైపు తిరిగాడు. నా చిన్నప్పుడు ఎన్నోసార్లు అనేవాడు, "దాని ఇల్లెక్కడో సూసుకోకుండా గుండునీ, ఆడపిల్లనీ పంపకూడదే గుంటా" అని. ఆ రోజు అంత పొడుగ్గా అనలేదు. వ్యానుకేసి గడ్డం ఎత్తి, "ఈడికి ఇయ్యొచ్చు" అన్నాడు, అంతే.

కళ్లు మసకేసినట్టు అనిపించిన వారంలోనే మావయ్య తుపాకీ తనే తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో అప్పగించి వచ్చాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్లో నా కూతురు ముద్దుమాటలు వింటాడు. ఆ దిబ్బ అవతల ఆ పొద్దు ఎవరూ లేరని మా మావగారు ఇప్పటికీ ప్రతి పండక్కీ గుర్తు చేస్తారు. నేను వాదించను. కానీ లారీ వెనక ఖాళీ నేలని చూసొచ్చి మా ఆయన మళ్లీ ఎక్కుతుంటే నాకు అనిపిస్తుంది, ఆ పొద్దు ఆ దారి ఖాళీగా లేదేమోనని. మా పెళ్లి, మా కాపురం, మా పాప, ఈ ఏళ్లన్నీ అప్పుడు ఆ దిబ్బకి అవతలే ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే, ఒంటి మీద గాయం లేకుండా, మా దగ్గరికి నడిచొచ్చాయి.