చెయ్యి పెట్టి చూసిన చెరువు

ఉడికించిన శింగోడాల వాసన ఆఫీసు మెట్ల దాకా వచ్చిందంటే సూరత్‌లో చలికాలం మొదలైనట్టే. చెరువు నీళ్లలో తీగకు కాసే ఈ కొమ్ముల కాయలను పొట్లం కట్టించుకున్నప్పుడల్లా రాజేశం కాక గుర్తొస్తాడు. సంతోషంగా ఉంటుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.

సూరత్ శివారు బమ్రోలిలో మా పక్క గది ఆయనది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, మరమగ్గాల కార్ఖానాలో నేసిన బట్టలో తప్పులు పట్టే పని చేసేవాడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా నేనూ ఆయన బల్ల దగ్గరే పని చేశాను. మచ్చ కనబడగానే చాక్‌పీసుతో గీత గీయడం నాకు మహా సరదా. ఒకసారి కాక నేను గీసిన చోట వేలితో రుద్దాడు. తప్పనుకున్నది ఎగిరొచ్చి పడిన దారం ముక్క, ఊడొచ్చేసింది.

“కన్ను తొందరపడ్తది బిడ్డా. చెయ్యి పెట్టినంకనే గీత గియ్యి. లేకుంటే నేసినోడు ఉత్తపుణ్యానికి మాట పడ్తడు,” అన్నాడు.

తర్వాత నాకు ఉపగ్రహ చిత్రాలు చూసే ఉద్యోగం వచ్చింది. తాపీ నదినీ, చుట్టుపక్కల చెరువులనూ కమ్మేసే గుర్రపుడెక్క ఎక్కడెక్కడ ఉందో మ్యాపులో ఎర్రరంగు వేయాలి. ఎరుపు ఉన్న చోటికల్లా యంత్రం వెళ్లి మొక్కలు పెరికేస్తుంది. మొదటి మ్యాపు పూర్తవగానే గొప్పలు పోదామని లాప్‌టాప్ పట్టుకుని కాక దగ్గరికే పరుగెత్తాను.

“గివన్ని చెయ్యి పెట్టి చూసినవా?” అన్నాడు.

“ఆకాశం నుంచి తీసిన ఫోటోలు కాకా! చెయ్యెట్ల పెడ్త?”

“పైనున్నదానికి చెయ్యి లేదు. నీకున్నది గద!”

ఒళ్లు మండింది. అయినా ఆదివారం ఆయన స్కూటరెక్కాను. రెండు చెరువుల్లో గుర్రపుడెక్కే ఉంది. గర్వంగా కాక వైపు చూశాను. మూడోదాంట్లో ఒకావిడ నడుము లోతు నీళ్లలో నిలబడి ఏదో కోస్తోంది. మేం అడిగితే తీగ ఎత్తి చూపించింది. ఆకుల కింద గుత్తుగా కాయలు.

“శింగోడా ఛే, బేన్!” అంది నవ్వుతూ, ఇవి శింగోడాలక్కా అని.

పైనుంచి చూస్తే రెండూ ఒకటే పచ్చ. మేం రాకపోయుంటే ఆ వారంలోనే యంత్రం వచ్చేది, ఆమె ఏడాది పంటంతా గట్టు మీద కుప్పపడేది. కాక దెప్పలేదు. “దొరికింది గద బిడ్డా, ఇగ చెరిపెయ్యి,” అన్నాడంతే. మర్నాడు ఆఫీసులో తప్పు ఒప్పుకుని ఆ ఎరుపు చెరిపేశాను.

కాక ఇప్పుడు ఊళ్లో మనవలతో హాయిగా ఉన్నాడు. ఆఫీసులో మా చెరువుల పట్టికలో చివరి గడికి ‘చెయ్యి’ అని పేరు పెట్టాను. అది నిండనిదే యంత్రం కదలదు. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, బూట్లు విప్పించి నీళ్లలోకి దింపుతాను.

ఇంతకీ ఆఫీసు మెట్ల కింద శింగోడాల బండి ఆ మూడో చెరువు ఆవిడదే. తన చెరువుకు ఏం జరగబోయిందో ఆమెకు ఈనాటికీ చెప్పలేదు. చూడగానే గుర్తుపట్టి గుప్పెడు ఎక్కువేస్తుంది. తలవంచుకుని తీసుకుంటాను.