తేమ మోసిన కరెంటు

మస్కట్‌లో ఆ ఏడాదంతా నాకు ఒకటే పని: ఒక ఆకుపచ్చ పొడిలో కరెంటు పారించడం. లోహపు అణువులను కర్బన అణువులతో కలిపి అల్లిన పదార్థం అది. లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలే. వాయువులను దాచడానికి భేషుగ్గా ఉంటుంది కానీ ఎలక్ట్రాన్లను ఒక పట్టాన కదలనివ్వదు. పొడిని బిళ్ళగా నొక్కి, రెండు వైపులా వెండి పూత పూసి, తీగలు తగిలించి మీటరు వంక చూస్తూ కూర్చునేదాన్ని. అది సున్నా దగ్గరే ఉండేది.

మస్కట్‌లోని దార్సైట్ పేటలో మా పక్క ఫ్లాటులో కాకినాడ అక్క ఒకావిడ ఉండేది. నర్సు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అడిగేది.

"ఏమ్మా, ఇవాళైనా పారిందా నీ కరెంటు?"

"లేదక్కా."

"సర్లే, ప్రార్థనలో పెడతాను."

ఒక వేసవి ఉదయం ల్యాబులో ఏసీ ఆగిపోయింది. కిటికీలు తెరిస్తే సముద్రపు ఉక్క లోపలికొచ్చి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూద్దును కదా, మీటరులో అంకె పైకి ఎగబాకుతోంది! నా కేకకు మా ఒమానీ ప్రొఫెసరమ్మ పరుగున వచ్చింది. సాయంత్రం అక్క రవ్వకేసరి చేసి బిల్డింగంతా పంచింది.

మర్నాడు ఏసీ బాగైంది. అంకె పడిపోయింది. అనుమానమొచ్చి బిళ్ళను వేడిచేసి ఆరబెట్టాం. ఉలుకూ పలుకూ లేదు. తేమ తగిలించగానే మళ్ళీ పారింది. పోల్చి చూడ్డానికి చేసిన రంధ్రాలు లేని బిళ్ళ మాత్రం తేమకు చలించలేదు. అప్పుడు అర్థమైంది: రంధ్రాల్లో చేరిన నీటి అణువుల మీదుగా ప్రోటాన్లు చేతులు మారుతూ సాగిపోతున్నాయి. మేం వెతికిన ఎలక్ట్రాన్లు కావవి.

వాడిపోయిన నా మొహం చూసి ప్రొఫెసరమ్మ నవ్వేసింది. "పిలవకుండా వచ్చాడని అతిథిని గుమ్మంలోంచే పంపేస్తామా? యల్లా, పద, ఈ ప్రోటాన్లనే కొలుద్దాం!"

అక్కకు చెబితే, "అయితే నా పంచదారంతా దండగేనా?" అంది.

"కాదక్కా. కరెంటు పారింది నిజమే. మోసిందెవరో మనకి తెలీలేదంతే."

ఆ చలికాలం మా డిపార్ట్‌మెంటులో ఆ ఫలితాల మీద మాట్లాడాను. అక్క ఆఫ్ డ్యూటీ చూసుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేను మొదటి గ్రాఫు చూపించగానే ఒక్కర్తే గట్టిగా చప్పట్లు కొట్టింది. హాలంతా వెనక్కి తిరిగింది. ముందు వరుసలో కూర్చున్న ప్రొఫెసరమ్మ కూడా నవ్వుతూ చప్పట్లు అందుకుంది.