బిగించే సీసా

ఆ ప్రయోగశాలలో మందులకు చాంతాడంత పేర్లున్నా, పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేదు. బిగించేది, వదిలించేది, కడిగేది, అంతే. సీసాల మీద కూడా పెద్ద అక్షరాలతో అవే రాసి అంటించారు. ఈ అలవాటు మొదలుపెట్టిన మహాతల్లి అక్కడి టెక్నీషియనే. పని చకచకా సాగాలి గానీ నోరు తిరగని పేర్లతో కుస్తీ ఎందుకని ఆమె వాదన.

పక్క ఆసుపత్రిలో ఎవరికైనా ప్రోస్టేట్ గ్రంథికి ఆపరేషన్ జరిగితే, ఆ మనిషి ఒప్పుకుని ఇచ్చిన చిన్న ముక్క చల్లటి ఉప్పునీళ్ళలో ఆమె బల్ల మీదికి వస్తుంది. దాన్ని సన్నగా కోసి, రెండు కొసలకూ పట్టుదారం కట్టి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళున్న గాజుగొట్టంలో వేలాడదీస్తుంది. కిందినుంచి ఆక్సిజన్ బుడగలు వస్తుంటాయి. పై దారం ఒక యంత్రానికి తగిలించి ఉంటుంది. ముక్క ముడుచుకుంటే తెర మీద గీత లేస్తుంది, సడలితే దిగుతుంది. మనిషినుంచి వేరైనా ఆ ముక్క గంటల తరబడి బతికే ఉంటుంది. ఆమెకు అదంటే ముద్దు. "లేమ్మా, లే" అని గీతను బతిమాలుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు, ఆమెకేం పట్టదు.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమె చెప్పే పాఠం ఒకటే. "ఈ కండరం మనం చెప్తే వినదు. కణం గోడకి తలుపులుంటాయి. బిగించే మందొచ్చి తలుపు తడుతుంది. లోపల కబురు చేతులు మారుతుంది. దాచిపెట్టిన కాల్షియం బయటికొస్తుంది, కండరం బిగుసుకుంటుంది. ఇంకో కబురు వేరే దారిలో వెళ్ళి, అప్పుడే వదలొద్దని పట్టు నిలబెడుతుంది. వదిలించే మందుంది చూశారూ, అది తలుపుకి అడ్డంగా కూర్చుంటుంది. ఇక తట్టేవాడు తట్టుకోవాల్సిందే." మూత్రం దారి ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది కాబట్టి, కండరం బిగిస్తే దారి ఇరుకవుతుందని కూడా చెప్పేది.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లోనే ఆమె మామగారు ఉన్నాడు. దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, వీధిలో పోయేవాళ్ళందరితో కబుర్లాడే మనిషి. భార్య పోయింది, కొడుకు దూరపు బస్సులు నడుపుతూ వారంలో సగం ఇంట ఉండడు. కోడలూ మామా ఒకరినొకరు దెప్పుకుంటూ హాయిగా బతికేవాళ్ళు. ఒక్క విషయం మాత్రం ఆమెకు తెలియకూడదని ఆయన పట్టుదల. సినిమాకి రమ్మంటే కళ్ళు మంటలు, పెళ్ళికి రమ్మంటే మోకాళ్ళు నొప్పులు. బాత్రూంలోకి వెళ్తే కుళాయి ధారగా తిప్పి, చాలాసేపటికి గానీ బయటికొచ్చేవాడు కాదు.

"మామయ్యా, ట్యాంకు ఖాళీ చేసేదాకా నిద్రపట్టదా మీకు?" అని ఆమె విసుక్కునేది.

"శుభ్రం నేర్చుకో తల్లీ" అనేవాడు.

దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

వానలో తడిసి ఆయనకు జలుబు పట్టింది. ముక్కు దిబ్బడేసి మాట కూడా సరిగ్గా రావట్లేదు. కోడలు తన సంచిలోంచి జలుబు మాత్రలు తీసి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి దగ్గరుండి మింగించింది. మర్నాడు ఆమెకు సెలవు. ఆయన కాఫీ ముట్టలేదు. మిషను ముందు కూర్చోలేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెమటలు కక్కుతున్నాడు. ఏమైందంటే ఏం లేదంటాడు. చివరికి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఈసారి కుళాయి చప్పుడు లేదు. చాలాసేపటికి లోపలినుంచి సన్నగా గొంతు వినిపించింది.

"అమ్మాయ్... రావట్లేదమ్మా. రాత్రినుంచీ."

"ఏం రావట్లేదు మామయ్యా?"

"ఒంటికి."

ఆ మాట అనడానికి ఆయన ఎంత చచ్చిపోయాడో ఆమెకు తలుపు ఇవతలినుంచే తెలిసింది. చేతికందిన చీర కట్టుకుని, డాక్టరుకు చూపించాలని మాత్రల అట్ట కూడా పట్టుకుని ఆటో ఎక్కించింది. దారిలో అట్ట తిప్పి చూస్తే, చీమ తలకాయలంత అక్షరాల్లో మందు పేరుంది. ఫినైలెఫ్రిన్. బిగించే సీసా అసలు పేరు. ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగించడానికి ఆ మాత్రలో కలిపే మందు, కిందికెళ్ళి అవే తలుపులు తట్టింది. రోజూ చుక్కలు చుక్కలుగా కొలిచి వేసే మందును తన చేత్తోనే ఆయనకు మింగించింది.

ఆసుపత్రిలో గొట్టం వేశారు. దానికి తగిలించిన సంచి నిండుతుంటే ఆయన మొహంలోకి ప్రాణం తిరిగి వచ్చింది.

"ఏమైనా మాత్రలు వేసుకున్నారా?" అని డాక్టరు అడిగాడు.

"నేనే కొట్లో కొనుక్కుని వేసుకున్నానండీ" అన్నాడు ఆయన తడుముకోకుండా.

"కాదండీ, నేనిచ్చాను" అంది కోడలు.

డాక్టరు ఎవర్నీ తిట్టలేదు. గ్రంథి ముందే బాగా పెరిగి ఉందని, మాత్ర ఉన్న కాస్త దారీ మూసేసిందని చెప్పి, ఇలాంటి ఇబ్బంది ఎన్నాళ్ళనుంచని అడిగాడు. ఆయన గోడవైపు చూశాడు.

"మా ఆవిడ ఉన్నప్పటినుంచీ ఉంది. ఆవిడకీ చెప్పలేదు."

వదిలించే రకం మందు రాసిచ్చి డాక్టరు వెళ్ళిపోయాక కోడలికి కోపం కట్టలు తెంచుకుంది.

"ముక్కూమొహం తెలియనివాళ్ళ ముక్కలన్నీ నా చేతిలో పెడతారే, మీరు మాత్రం నాతో ఒక్క ముక్క చెప్పకూడదా? నేనంత పరాయిదాన్నా మామయ్యా?"

ఆయన దుప్పటి అంచు మడతలు పెట్టసాగాడు.

"పరాయితనం కాదే పిచ్చిదానా. పొద్దస్తమానం నువ్వు చేసేది ఆ పనే కదా. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు నీ మొహం చూస్తుంటాను. ఎంత వాడిపోయి వస్తావో. ఇంట్లో కూడా నీకు అదే గొడవ ఎందుకులే అని."

తిట్టడానికి ఆమె దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. అవన్నీ వదిలేసి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.