హుసేన్‌బీ లేచే వేళ

1961 ఎండాకాలం. సోమందేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో నేను హెల్త్ విజిటర్‌ని. అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసే ఉద్యోగం. బి.ఏ. చదివి ఈ తిరుగుడేమిటని చుట్టాలు అడిగేవారు. మీ ఇంటి కాన్పులకు నన్నెందుకు పిలుస్తారని నేనూ అడిగేదాన్ని.

ఆ ఏడు జైతూన్ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. వచ్చిన నాలుగో రోజే పెట్టె సర్దుకుంది. ఆమె తల్లి హుసేన్‌బీ పట్టపగలు పొయ్యి ముందు కూర్చుని కునుకు తీసి, కొంగు అంటించుకుంది. కూతురు చూసింది కాబట్టి సరిపోయింది.

"బిడ్డను ఈమె చేతికి ఎట్లిచ్చేది నర్సమ్మా? అత్తగారింటికే పోతా," అంది జైతూన్. కొన్నాళ్లు చూసి పొమ్మని ఆపాను గానీ, పెట్టె మాత్రం ఆమె విప్పలేదు.

హుసేన్‌బీ తల ఎత్తలేదు. మొగుడు పోయాక ఆమెకున్నది ఆ కూతురొక్కతే.

ఇరవై ఏళ్లు ఆమె పట్టుపురుగులు పెంచింది. పెద్ద పురుగులకు రాత్రిళ్లు కూడా ఆకు వెయ్యాలి కనుక మూడుసార్లు లేచేది. ఆ ఏడు బావి ఎండింది, మల్బరీ తోట మాడింది, పురుగుల తట్టలు ఖాళీ అయ్యాయి. అయినా ఆమె ఒళ్లు మాత్రం రాత్రికి మూడుసార్లు లేస్తూనే ఉంది. లేచి కాస్త సంగటి తిని కూర్చునేది. పగలంతా తూగేది.

"తొమ్మిదికల్లా పడుకో. పగలు కన్ను మూయకు," అన్నాను.

"పండుకుంటా. నిద్ర రావల్ల గదా?"

"వస్తుంది. రమ్మను."

"నువ్వు రమ్మంటే వచ్చేదానికి అదేమన్నా నీ ఆఫీసు జవానా?"

ఎదురు చెప్పే హక్కు నాదొక్కదానిదే అనుకునే మనిషిని నేను. వారం తర్వాత వెళ్లేసరికి ఆమె కళ్లు మరీ గుంటలు పడ్డాయి. నా సలహా తప్పని ఒప్పుకోవడం మాని ఆమెనే దులిపాను. "నీ పురుగులే నీకంటే నయం. వేళకు పడుకుంటాయి!"

హుసేన్‌బీ పకపకా నవ్వింది.

"పురుగును నిద్రబుచ్చేది ఎవురి చేతా కాదు నర్సమ్మా. ఒకటి ముందు పండుకుంటాది, ఒకటి ఎనక. లేసేదే మన చేతిలో ఉండాది. ముందు లేసిన దానికి ఆకు ఎయ్యకూడదు. అన్నీ లేసినంక ఒక్కసారే ఎయ్యల్ల. ఆపొద్దు నించీ అన్నీ ఒక దావన నడుస్తాయి."

ఆమె చెప్పేది మోల్టింగ్ సంగతి. పట్టుపురుగు తిండి మాని, తలెత్తి, కదలకుండా ఉండిపోయి కుబుసం విడిచే దశ అది. చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది.

"నేనే లేసినప్పుడల్లా ఇంత తింటాండానే..." అంది మెల్లగా.

సంచిలోంచి పుస్తకం తీసి ఆమె మాట రాసుకున్నాను. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

ఆ మర్నాటి నుంచి ఆమె రాత్రి మెలకువ వచ్చినా దీపం వెలిగించలేదు, నోట ఏమీ వేసుకోలేదు. నిద్ర పట్టినా పట్టకున్నా తెల్లవారి నమాజు వేళకు లేచేది. మొదటి ముద్ద అప్పుడే. పది రోజులు నరకయాతన పడింది. పొయ్యి జోలికి పోకుండా, తూగు వచ్చినప్పుడల్లా వాకిలి ఊడ్చేది. "ఊడ్చిన వాకిలే ఊడుస్తాంది. దానికి నోరుంటే ఏడుస్తాది," అనేది జైతూన్, ఆ పొట్టతోనే వంట చేస్తూ.

నెల దాటాక ఒక పొద్దున జైతూన్ నాకు ఎదురొచ్చింది.

"రాత్రి చెంబు కింద పడినా అమ్మ లేయలేదు నర్సమ్మా! భయమేసి ముక్కు కాడ వేలు పెట్టి చూసినా!"

ఆ రోజే పెట్టెలోని బట్టలు మళ్లీ దండెం మీదికి వచ్చాయి.

ఆడపిల్ల పుట్టింది. కడిగి గుడ్డలో చుట్టగానే జైతూన్ అంది, "మా అమ్మకియ్యి."

ఇచ్చాను. ఇస్తూ ఊరుకోలేక, "ఇది మళ్లీ నీ నిద్ర పాడు చేస్తుంది చూడు," అన్నాను.

"చెయ్యనీ. లేసే వేళ నాకు తెలుసు," అంది హుసేన్‌బీ, బిడ్డ మీంచి చూపు తిప్పకుండానే.

ఆ తర్వాత నిద్ర పట్టదని నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఎవరినీ త్వరగా పడుకొమ్మని గదమలేదు. ఎన్నింటికి లేస్తావు, మొదటి ముద్ద ఎప్పుడు తింటావు అని అడిగాను. నిద్రను ఆజ్ఞాపించలేం, మేలుకోవడాన్ని మాత్రం దిద్దుకోగలం. అక్షరం రాని ఒక మనిషి తట్టల ముందు కూర్చుని ఇంత పెద్ద సంగతి చూసిందని తలచుకుంటే, ఇప్పటికీ నా బి.ఏ. చిన్నదైపోతుంది.